కూజా మెడకి కట్టిన టై

మా మావగారికి తన మెడ మీద ఉన్నంత ప్రేమ ఇంట్లో ఇంకెవరి మీదా ఉండేది కాదు. నేను విజయనగరం కోడలిగా వచ్చింది అరవైల చివర్లో. అప్పటికి ఎస్టేట్లు పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆయన పనిచేసిన ఎస్టేటు కచేరీలో పావురాలు కాపురం పెట్టాయి. అయినా శనివారం సాయంత్రం అయ్యేసరికి ఆయన తెల్ల చొక్కా, నల్ల కోటు తొడుక్కుని, మెడకి నల్ల పట్టు బో టైతో టౌను క్లబ్బుకి బయల్దేరేవారు. ఆ టై ఎస్టేటు మేనేజరుగా ఉండిన ఇంగ్లీషు దొర ఓడెక్కే ముందు ఇచ్చి వెళ్ళినది. పారేయడానికి బద్ధకించి ఇచ్చుంటాడని మా అత్తగారి అనుమానం. మావగారు మాత్రం దాన్ని గంధపు చెక్కలతో పాటు పెట్టెలో దాచుకునేవారు. వీధిలో పిల్లలు ఆయన్ని గబ్బిలం తాత అనేవారు. గొంతు దగ్గర నల్లగా రెండు రెక్కలు చాపుకుని కూర్చుంటే ఇంకేమంటారు?

బో టై పెట్టుకోవడం ఒక ఎత్తు, దాన్ని చేత్తో కట్టుకోవడం ఇంకో ఎత్తు అని ఆయన వాదన. క్లబ్బులో ఇంకో బో టై ఒక రిటైరైన ప్లీడరుగారిది. అది బజార్లో కొన్నది. ముడి ముందే కుట్టేసి, వెనక ఎలాస్టిక్కు పెట్టినది. కుక్కకి బెల్టు తగిలించినట్టు తగిలించుకుని వస్తాడని మావగారు ఇంటికొచ్చి ఈసడించేవారు. అసలుకీ నకిలీకీ ఒక పరీక్ష ఉంది. చేత్తో కట్టినదైతే ఒక కొస పట్టి లాగితే జారి విడిపోతుంది. కొన్నదైతే సాగి వచ్చి మళ్ళీ గొంతుకి తగులుకుంటుంది. ప్రతి శనివారం పేకాట ముగించి లేచేటప్పుడు మావగారు ప్లీడరుగారి ఎదురుగా నిలబడి, తన టై కొస రెండు వేళ్ళతో పట్టుకుని, నెమ్మదిగా లాగేవారట. విడిపోయిన రెండు కొసలూ చొక్కా మీద వేలాడుతుంటే అలాగే బజారంతా నడిచి ఇంటికొచ్చేవారు. ఊరికి ఋజువు చూపించాలి కదా మరి.

ఈ నాగరికత అంతా మెడ వరకే. మెడ కిందనుంచి మళ్ళీ పాత కచేరీయే. ఆ ఇంట్లో కోడలు మావగారి ఎదుట నిలబడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. ఆయనా కోడలితో మాట్లాడరు. నేను గుమ్మం పక్కనే ఉన్నా కాఫీ చల్లారిపోయిందని చెప్పమని గోడకి చెప్పేవారు. నేను గోడ తరఫున వేడి చేసి తెచ్చి అత్తగారి చేతికిచ్చేదాన్ని. మా ఆయన జూట్ మిల్లు ఆఫీసులో గుమాస్తా. తండ్రి ఉన్న గదిలో ఆయనకి నోరు పడిపోయేది, నేను ఉన్న గదిలో చెవులు పడిపోయేవి. మొత్తానికి మనిషి సుఖంగానే ఉండేవాడు.

నేను గజపతినగరం పిల్లని. పెళ్ళికి ముందే టీచరు ట్రైనింగు పూర్తి చేసి, విజయనగరం మున్సిపాలిటీ బళ్ళో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాను. పెళ్ళిమాటల్లో మా నాన్న ఆ సంగతి చెబితే మావగారు 'చూద్దాం' అన్నారు. మా నాన్న పొంగిపోయాడు. ఆ ఇంట్లో 'చూద్దాం' అన్న ఏ పనీ ఈనాటి వరకూ జరగలేదని అత్తగారు నాకు చెప్పేసరికి తలంబ్రాలు ఊడ్చేసి ఆర్నెల్లయింది.

ఇంతకీ ఆ టై కట్టేది ఆయన కాదు. శనివారం మధ్యాహ్నం ఒక ముసలాయన పెరటి గుమ్మంలోంచి వచ్చేవాడు. పూర్వం దొర బంగళాలో బట్లరు. ఇద్దరూ గదిలోకెళ్ళి తలుపేసుకునేవారు. కాసేపటికి బట్లరు చుట్ట వెలిగించుకుని మళ్ళీ పెరటి దారినే పోయేవాడు. పాత పరిచయం కొద్దీ పలకరించిపోతాడని మావగారు చెప్పేవారు. ఆ పరిచయం శనివారాల్లోనే ఎందుకు పొంగుకొస్తుందో ఎవరూ అడగలేదు. ఒక వానాకాలం బట్లరుకి కీళ్ళు పట్టేసి, కూతురొచ్చి శ్రీకాకుళం తీసుకుపోయింది. ఆ శనివారం మావగారు గదిలోకెళ్ళి తలుపేసుకుని, దీపాలు పెట్టే వేళకి బయటికొచ్చి జ్వరమన్నారు. పై శనివారమూ జ్వరమే. మూడో శనివారం పొద్దున్నే మొదలైంది. ఆదివారం పొద్దుటికల్లా జ్వరం దిగిపోయి అరడజను ఇడ్లీలు లాగించేవారు.

మా అత్తగారిది నరసన్నపేట దగ్గర పల్లె, వరి పండించే ఇల్లు. ఆవిడకి మాట దాచుకోవడం చేతకాదు.

"జరమూ లేదు, ఏటీ లేదు," అంది నాతో. "ముడి రాక మంచమెక్కినాడు ఆ మడిసి."

తలుపు సందులోంచి చూశాను. మంచం మీద ఆ నల్ల పట్టు పేలిక నలిగిపోయి పడుంది. దాని ఆకారం చూసి నాకు నవ్వాగలేదు. పదేళ్ళ పాటు రోజూ పొద్దున్నే రెండు జడలు మడిచి రిబ్బన్లతో పువ్వులు కట్టుకున్నదాన్ని. అదే ముడి. ఒక అల్లిక, ఒక మడత, ఆ మడత మీంచి రెండోది తిప్పి సందులోంచి లాగడం. ఎస్టేటు దొర, బట్లరు, మావగారు, ముగ్గురు మగవాళ్ళు కలిసి ఇన్నేళ్ళు కాపాడుకొచ్చిన విద్య గజపతినగరం బళ్ళో ఆడపిల్లలందరికీ వచ్చు. అదీ రెండేసి, అద్దం లేకుండా, గంట కొట్టేలోపు.

నాకొచ్చని అత్తగారితో అంటే ఆవిడ వెళ్ళి ఆయనతో అంది. ఆయన అటు తిరిగి పడుకున్నారట. కానీ నాలుగో శనివారానికి లొంగారు. అయినా కోడలు మావగారి మెడ ముట్టుకోకూడదు కదా. అందుకని ఆయన కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చున్నారు, అత్తగారు వెనక నిలబడింది, నేను తలుపు వెనకనుంచి ఏ కొస ఎటు తిప్పాలో చెబుతున్నాను. ఆవిడది పుట్టింట్లో దూడల్ని కట్టిన చెయ్యి. నేను చెప్పింది రెండు మెలికల వరకూ విని, ఆ పైన చెయ్యి తనకి తెలిసిన ముడే వేసేసింది. దూడ గుంజే కొద్దీ బిగుసుకునే పలుపు ముడి అది. మావగారు గుంజుకున్నారు. బిగుసుకుంది. ఇంకా గుంజుకున్నారు. అత్తగారు జడపిన్నుతో ఊడదీసేసరికి ఆయన మొహం వంకాయ రంగు తిరిగింది. ఆ వారం జ్వరం నిజంగానే వచ్చింది.

అప్పుడు తట్టింది నాకు కూజా సంగతి. వరండాలో మావగారి గది తలుపు పక్కనే స్టూలు మీద మంచినీళ్ళ మట్టి కూజా ఉండేది. దాని మెడ ఇంచుమించు మావగారి మెడంతే. ఆయన చొక్కా కాలరు దానికి చుట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది. టై మధ్యలో, మెడ వెనక పడే చోట, ఒక అతుకు ఉంది. ఆ కుట్టు విప్పి రవికకి పెట్టినట్టు హుక్కూ కాజా కుట్టాను. ఇక కూజా మెడకి కట్టడం, ముడి చెదరకుండా వెనక హుక్కు తీసి అత్తగారి చేతికివ్వడం, ఆవిడ వెళ్ళి ఆయన మెడకి తగిలించడం. ముందు కొస లాగితే ముడి మామూలుగానే విడిపోతుంది. వెనక హుక్కు కాలరు కింద దాక్కుంటుంది. ప్లీడరుగారి టైకీ మా మావగారి టైకీ ఇప్పుడు తేడా ఒక్క ఎలాస్టిక్కు. హుక్కు చూసి ఆయన కాలరు ఇంకాస్త కిందకి లాక్కున్నారట. తరవాత లేచి క్లబ్బుకి వెళ్ళి, ప్లీడరుగారి ఎదుట ఎప్పటికంటే నెమ్మదిగా లాగి మరీ వచ్చారు. ఈవేళ ముడి బాగా కుదిరిందని గోడకి చెప్పారు. నేను గోడ తరఫున సంతోషించాను.

అలా శనివారాలు గడిచాయి. కాలరు చుట్టి, టై కట్టిన కూజాని చూస్తుంటే నాకు అచ్చం మావగారు ఎదురుగా నిలబడ్డట్టే ఉండేది. పైగా కూజా గోడవైపు తిరగదు. ముడి వేస్తూ వేస్తూ దాంతో మాట్లాడ్డం మొదలెట్టాను. వేరుశనగ చట్నీలో ఉప్పెక్కువైందని పళ్ళెం తోసేస్తే ఎలా మావగారూ అనేదాన్ని. పండక్కి పుట్టింటికి పంపిస్తారా లేదా అని అడిగేదాన్ని. కూజాతో మాట్లాడకూడదన్న ఆచారం ఏ ఇంట్లోనూ లేదు కదా. నేను గొంతు పెంచినప్పుడల్లా తలుపు వెనక కుర్చీ కిర్రుమనేది. ఆయన వింటున్నారని నాకు తెలుసు. వినాలనే మాట్లాడేదాన్ని.

అంతలో నా ఆర్డరు వచ్చింది. పోస్టుమాను కవరు మావగారి చేతిలో పెట్టాడు. మున్సిపాలిటీ బాలికల బళ్ళో టీచరుగా వేశారు, నెలాఖరు సోమవారానికల్లా చేరాలి, చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఇవన్నీ మా ఆయన గుసగుసగా చెబితే తెలిసింది. కవరు మావగారి బీరువాలోకి వెళ్ళిపోయింది. అత్తగారి చేత అడిగిస్తే చూద్దామన్నారు. ఆ శనివారం కూజాకి టై కడుతూ నా ఆర్డరు ఏం చేశారు మావగారూ అని అడిగాను. కుర్చీ కిర్రుమంది. పై శనివారం మళ్ళీ అడిగాను. నాలుగిళ్ళ పాచిపని చెయ్యడానికి కాదు, పిల్లలకి చదువు చెప్పడానికే పంపమంటున్నానని, రెండేళ్ళు హాస్టల్లో నీళ్ళ సాంబారు తిని చదివానని, బడి రిజిస్టరులో సంతకం పెట్టే రోజు కోసమే తిన్నానని చెప్పాను. చెబుతూ చెబుతూ కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ రోజు కుర్చీ కూడా కదల్లేదు. ముడి మాత్రం చక్కగా కట్టించుకుని క్లబ్బుకెళ్ళారు.

నెలాఖరు సోమవారానికి ముందు శనివారం క్లబ్బులో వార్షిక విందు. సబ్ కలెక్టరు వస్తున్నారని మూడు రోజులుగా ఇల్లు అదిరిపోతోంది. కోటు దులపమని అత్తగారు నాకిచ్చింది. దులుపుతుంటే లోపలి జేబులో కాగితం చప్పుడైంది. కార్బను కాపీ. కచేరీ అలవాటు, ఆయన ఏది రాసినా కాపీ ఉంచుకునేవారు. మున్సిపాలిటీకి నా పేరు మీద రాసిన ఉత్తరం. ఇంటి బాధ్యతల వల్లా, సున్నితమైన ఆరోగ్యం వల్లా నేను ఉద్యోగంలో చేరలేనట. కింద నా సంతకం ఆయనే పెట్టేశారు. పైన తేదీ చూస్తే ఆర్డరు వచ్చిన మర్నాటిది. అంటే నేను రెండు శనివారాలు కూజా ముందు ఏడుస్తూ ముడి వేస్తుంటే, ఆయన తలుపు వెనక కూర్చుని వింటూ, అప్పటికే పోస్టు చేసేసి ఉన్నారన్నమాట.

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇంగ్లీషు చదవడం రాని అత్తగారికి ఆ ఉత్తరం తెలుగులో చెప్పాను. సున్నితమైన ఆరోగ్యం దగ్గర ఆవిడ ఆపింది.

"పొద్దున్న నాలుగు బిందెలు తోడినావు కదే, నీకేటి రోగం?" అంది. లోపలికెళ్ళి సూదీ నల్లదారం తెచ్చి కొంగులో దోపుకుంది.

ఆ సాయంత్రం కూజాకి పలుపు ముడి వేశాను. దాని మీద రెక్కలు సర్ది చూస్తే ఎప్పటికంటే అందంగా కుదిరింది. అత్తగారు తీసుకెళ్ళి ఆయన మెడకి చుట్టి, హుక్కు వదులైంది, సరిచేస్తానుండమని, హుక్కు పక్కనే దిట్టంగా నాలుగు కుట్లు వేసేసింది. "కదలకండి, సూదున్నాది," అన్న మాట నాకు వరండాలోకి వినపడింది. ఆయన కదల్లేదు. విందుకి మా ఆయన్ని కూడా వెంటబెట్టుకుని, గడ్డం పైకెత్తుకుని వెళ్ళారు.

జరిగింది మర్నాడు పొద్దున మా ఆయనే చెప్పాడు. విందయ్యాక మావగారు సబ్ కలెక్టరుగారికి అసలు టైకీ నకిలీ టైకీ భేదం వివరించారట. చుట్టూ క్లబ్బంతా ఉంది. చూడండని కొస పట్టి లాగారు. రాలేదు. నవ్వి ఇంకాస్త లాగారు. బిగుసుకుంది. రెండు చేతులతో లాగేసరికి కళ్ళనీళ్ళొచ్చి దగ్గు అందుకుంది. అప్పుడు ప్లీడరుగారు లేచి వచ్చి, వీపు మీద తట్టి, నాది ఎలాస్టిక్కు, సుఖంగా ఉంటుంది, అడ్రసు ఇస్తాను కొనుక్కోండి అన్నాడట. ఇది చెబుతూ మా ఆయన నవ్వాడు. తండ్రి గురించి ఆయన నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. అంతలో మావగారి దగ్గు వినపడి పెరట్లోకి పారిపోయాడు.

మావగారు వరండాలోకి వచ్చారు. పంచె, భుజం మీద తువ్వాలు, ఒంటి మీద చొక్కా లేదు, మెడకి మాత్రం బో టై. రాత్రంతా దాంతోనే పడుకున్నారు. కత్తెరేస్తే దొర ఇచ్చిన పట్టు పాడైపోతుంది. అత్తగార్ని విప్పమంటే కళ్ళు కనబడ్డం లేదు, కోడల్ని అడగమంది. వెనక హుక్కు లాగి చూస్తే రాలేదట. దాన్ని పట్టి ఉంచినవి నాలుగు దారపు కుట్లని, అవి తెంపేస్తే చాలని ఆయనకి తెలీదు. ఇన్నేళ్ళూ టై ముందు కొస లాగడమే గానీ, వెనక సూది ఏం చేసిందో ఆయన తడిమి చూసుకోలేదు.

ఆయన గోడవైపు చూడలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, దీన్ని కాస్త ఇప్పు. మింగుడు పడ్డం లేదు," అన్నారు.

ఏడాదిలో ఆయన నాతో అన్న మొదటి మాట. నేను కార్బను కాపీ తీసి స్టూలు మీద, కూజా పక్కన పెట్టాను.

"రేపు బళ్ళో చేరాక విప్పుతాను మావగారూ," అన్నాను.

ఆయన కాగితం వంక చూశారు. అలవాటు కొద్దీ చూద్దామన్నారు. నేను పప్పు కడుక్కోవడానికి లోపలికెళ్ళిపోయాను.

ఆ ఆదివారం ఆయన టైతోనే స్నానం చేశారు, టైతోనే భోంచేశారు. పులుసు ముద్ద మింగినప్పుడల్లా రెండు రెక్కలూ పైకి లేచి దిగేవి. వీధి తలుపు తెరవనివ్వలేదు. నాకూ లోపల భయంగానే ఉంది. ఆ ఉత్తరం చేరి, నా చోటులో ఇంకొకర్ని వేసేసి ఉంటే? అప్పుడు ఆ మెడ బిగించి నాకేం ఒరుగుతుంది? సాయంత్రానికి మావగారు కాగితం కలం తెచ్చుకుని, మొదటి ఉత్తరం రద్దు చెయ్యమని రాసి, అత్తగారి చేత నాకు పంపించారు. ఈసారి సంతకం చోటు ఖాళీగా వదిలారు. నేను పెట్టాను. అయినా విప్పలేదు.

సోమవారం ఆఫీసు తెరిచే వేళకి ఆయన ముందు, పది అడుగుల వెనక నేను. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నా కోటులోంచి రెక్కల కొసలు తొంగిచూస్తూనే ఉన్నాయి. మున్సిపల్ ఆఫీసు గుమాస్తా ఆయన మొహం మానేసి గొంతే చూస్తున్నాడు. ఎవరితోనైనా సరే ముందు నాలుగు ఇంగ్లీషు ముక్కలు విసిరే మనిషి, ఆ రోజు, "ఆ ఉత్తరం పొరపాటున ఎలిపోనాది బాబూ," అన్నారు. గుమాస్తా ఆవులిస్తూ బల్ల కిందనుంచి పురికోసతో కట్టిన కట్ట తీశాడు. మూడు వారాల ఉత్తరాలు, ఒక్కటీ చింపలేదు. సర్కారు బద్ధకానికి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. నా పేరున వెళ్ళిన కవరు నా చేతికే ఇచ్చేశాడు.

బళ్ళో హెడ్మిస్ట్రెస్ గదిలో రిజిస్టరులో సంతకం పెట్టి బయటికొచ్చాను. మావగారు వరండాలో స్తంభం పక్కన నిలబడున్నారు. ఆయన చుట్టూ రెండు జడల రిబ్బన్ల పిల్లలు చేరి ఆ గొంతుకేసి చూస్తున్నారు. తమ జడకి ఉన్నది ఆయన మెడకెందుకుందో వాళ్ళకి అర్థం కావడం లేదు. నేను జడలోంచి పిన్ను తీసి, అందరి ఎదుటా ఆయన గడ్డం పైకెత్తమన్నాను. ఎత్తారు. ముసలి మెడ. చర్మం వేలాడుతోంది, టై కింద ఎర్రగా గీత పడింది, నా వేళ్ళ కింద నరం టకటకా కొట్టుకుంటోంది. జాలేసింది. సున్నితమైన ఆరోగ్యం గుర్తొచ్చి కాస్త తగ్గింది. పిన్ను గుచ్చి మెలిక వదులు చేసి లాగితే విడిపోయింది. మావగారు గట్టిగా గాలి పీల్చుకున్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరుగా నేను చేసిన మొదటి పని అదే.

ఆ శనివారం మావగారు టై లేకుండా క్లబ్బుకెళ్ళారు. మెడకి గాలి తగలాలని డాక్టరు చెప్పాడని చెప్పుకున్నారు. కోడల్ని తనే పట్టుబట్టి ఉద్యోగంలో చేర్చాననీ, దొరల దగ్గర పనిచేసినవాడికి ఆ మాత్రం విశాల భావాలుంటాయనీ, ప్లీడరుగారు మాత్రం చదువుకున్న కోడల్ని వంటింట్లో పెట్టారనీ చెప్పుకున్నారు. ఊరంతా నమ్మింది. నాలుగు రోజుల తరవాత బజార్లో ఒక పెద్దావిడ నన్ను ఆపి, అలాంటి మావగారు దొరకడం అదృష్టమమ్మా అంది. అవునండీ అన్నాను. ఏం చేస్తాం?

టై మాత్రం పెట్టెలోకి వెళ్ళలేదు. ఎవరు కట్టారో, కూజా మెడకే ఉండిపోయింది. నేను కట్టలేదు. అత్తగారు తనకి తెలీదంది. ముడి చూస్తే ఒక రెక్క పొడుగు, ఒక రెక్క పొట్టి, మొదటిసారి నేర్చుకున్న చేతి ముడిలా ఉంది.

మావగారు మళ్ళీ నాతో నేరుగా మాట్లాడలేదు. అలాగని గోడతోనూ మాట్లాడలేదు. ఒకరోజు పొద్దున నేను పుస్తకాల సంచీ తీసుకుని బయల్దేరుతుంటే ఆయన వరండాలోకి వచ్చి, కూజా ముందు నిలబడి, గొంతు సవరించుకున్నారు.

"వానొచ్చేటట్టున్నాది. గొడుగు తీసుకెళ్ళమని చెప్పు," అన్నారు దాంతో.

నేను కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచుకు తాగి, అలాగేనని చెప్పమని దానికే చెప్పి, గొడుగు తీసుకుని బడికి వెళ్ళాను.